గినీపిగ్‌కు ఇంటి వైద్యం

ఎలుకను చూస్తే చీపురు అందుకునే వంశం మాది. మా తాతగారు కరీంనగర్ ప్రాంతం నుంచి మగ్గం పనికని షోలాపూర్ వచ్చి, పూర్వభాగ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్ననాటి నుంచీ మా వాళ్ల ప్రధాన శత్రువు ఎలుకే. గంజి పెట్టిన నూలంటే వాటికి మహా ఇష్టం. అలాంటి ఇంట్లోకి 2015 ఏప్రిల్‌లో, మా అమ్మాయి పదో పుట్టినరోజని, పంజరంతో సహా 900 రూపాయలు పెట్టి ఒక గినీపిగ్‌ను కొని తెచ్చాను.

మా అమ్మ పంజరం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఏందిరా ఇది! ఎలుకలు పోగులు కొరుకుతాయని రాత్రంతా కాపలా ఉన్నోళ్లం. నువ్వు పైసలిచ్చి కొనుక్కొస్తివా?" అంది.

ఎలుక కాదమ్మా, గినీపిగ్ అన్నాను. పేరులో పంది ఉన్నా ఇది పంది కాదు, గినీ దేశంతోనూ దీనికి సంబంధం లేదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల వైపు జీవి. అక్కడివాళ్లు వేల ఏళ్లుగా దీన్ని మాంసం కోసం పెంచుకుంటూ వచ్చారు. ఈ చివరి సంగతి మాత్రం మా అమ్మాయి దగ్గర ఎత్తలేదు.

అమ్మాయి దానికి బుజ్జి అని పేరు పెట్టింది. నేను దాని పేర ఒక రిజిస్టరు తెరిచాను. నవ్వకండి. బి.కాం. చదివి, ఏళ్ల తరబడి బ్యాంకులో డెబిట్లూ క్రెడిట్లూ రాసిన చెయ్యి ఊరికే ఉండలేదు. పంజరం ఎంత, సజ్జలు ఎంత, రంపపు పొట్టు ఎంత అని తేదీలతో సహా రాసేవాణ్ణి. ఈ రిజిస్టరు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది కాబట్టి ముందుగా చెబుతున్నాను.

జూన్ చివర వానలు పడ్డాక బుజ్జికి తుమ్ములు పట్టుకున్నాయి. ముక్కు దగ్గర తడి, కళ్లలో పుసి. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన రాకపోలేదు. కానీ మా చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా గేదెలూ, మేకలూ, మహా అయితే కుక్కలూ చూసేవాళ్లు. "దీనికేం చూస్తారండీ" అని నేనే అనేసుకున్నాను. ఫ్రిజ్‌లో మా అమ్మాయి గొంతునొప్పికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ సగం సీసా ఉంది. పాతిక కిలోల పిల్లకు ఐదు మిల్లీలీటర్లయితే, ఆరువందల గ్రాముల జీవికి ఎంత? త్రైరాశికం వేశాను. 0.12 మిల్లీలీటరు. సూదిలేని సిరంజితో జాగ్రత్తగా కొలిచి, పూటకొకసారి నోట్లో వేశాను. రిజిస్టరులో అలాగే రాశాను కూడా. లెక్కలో తప్పు లేదు.

మూడో రోజుకు తుమ్ములు తగ్గినట్టే అనిపించింది. కానీ తిండి మానేసింది. నాలుగో రోజు నీళ్లలా విరేచనాలు. ఐదో రోజు తెల్లవారుజామున చూస్తే పంజరంలో ఒక మూల పక్కకు ఒరిగి ఉంది. పెరట్లో మునగచెట్టు కింద గొయ్యి తీసి పాతిపెట్టాం. అమ్మాయి ఏడుస్తూ "ఎందుకు చచ్చిపోయింది నాన్నా?" అని అడిగితే "జ్వరం ఎక్కువైందమ్మా" అన్నాను. నేను నమ్మిందే చెప్పాను. అప్పటికి.

ఆరునెలలు ఇంట్లో పంజరం మాట ఎవరూ ఎత్తలేదు. 2016 జనవరిలో మా ఆవిడ వాళ్ల అన్నయ్య, మాకు చెప్పకుండా, రెండు నెలల పిల్లనొకదాన్ని తెచ్చి అమ్మాయి ఒళ్లో పెట్టాడు. ఇది గోధుమరంగు, నెత్తిన తెల్లటి సుడి. పేరు గుండు. ఈసారి మేం కొంచెం తెలివిగా ఉన్నామనుకున్నాం. ఇంట్లో ఎలక్ట్రానిక్ కాటా ఒకటి ఉండేది, పిండివంటలకని కొన్నది. గుండును గిన్నెలో కూర్చోబెట్టి రోజూ ఉదయం తూచి రిజిస్టరులో రాయడం మొదలుపెట్టాను. మా బ్రాంచిలో నగలు తూచే అప్రైజరు ఈ సంగతి విని, "ఇటు తీసుకురండి సార్, ఎన్ని క్యారెట్లో చెబుతా" అని హాస్యమాడేవాడు.

రోజూ బ్యాంకుకు వెళ్లేముందు దాని మేత తెచ్చే పని నాది. గణపతి గుడి ముందు గరిక కట్టలు అమ్మే ఆవిడ దగ్గర నాలుగు కట్టలు తీసుకునేవాణ్ణి. సంకష్టి చతుర్థి నాడు మాత్రం ధర రెట్టింపు. వినాయకుడికీ ఆయన వాహనానికీ ఒకే భోజనమని మా అమ్మ ఒప్పుకోవడానికి ఈ గరికే కారణం. పక్కనే బండి మీద ఒక దోరజామకాయ. ఆ జామకాయ ఎంత ముఖ్యమో అప్పటికి నాకు తెలియదు. అది ఇష్టంగా తింటుందని తెచ్చేవాణ్ణి, అంతే.

గుండుకు ఒక అలవాటు ఉండేది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ముందుకాళ్లు పంజరం కమ్మీల మీద ఆనించి, సన్నగా, గట్టిగా ఈల వేసేది. ఆ ఈల వీధి గుమ్మం దాకా వినిపించేది. మా ఆవిడ మంచినీళ్ల సీసా కోసం తలుపు తీసినా సరే, దానికేదో బాకీ ఉన్నట్టు పిలిచేది.

అంతలో 2016 నవంబరు 8వ తేదీ మంగళవారం వచ్చింది. రాత్రి ఎనిమిది గంటలకు ఐదువందలు, వెయ్యి నోట్ల రద్దు ప్రకటన. 10వ తేదీ గురువారం బ్యాంకులు తెరిచాక మా బ్రాంచి ముందు నిలబడ్డ జనాన్ని ఇప్పుడు తలచుకున్నా నాకు చెమటలు పడతాయి. శని, ఆదివారాలు కూడా పనిచేశాం. ఉదయం ఏడింటికి ఇల్లు వదిలితే, లెక్క సరిపోయి తాళాలు వేసేసరికి రాత్రి పది, పదకొండు. మా పక్క మగ్గాల వాళ్లు, తువ్వాళ్ల కార్ఖానా కూలీలు, వారం జీతం పాతనోట్లలో పుచ్చుకున్నవాళ్లు, అందరూ నన్ను "అన్నా, అన్నా" అని పిలుస్తూ కిటికీ అవతల. తెలుగువాడినని నా దగ్గరికే వచ్చేవారు. వాళ్లకు చెయ్యగలిగింది చేశాను, చెయ్యలేనిది చాలా ఉంది. అది వేరే కథ.

ఇంట్లోనూ చిల్లర లేదు. మా ఆవిడ బియ్యం, పప్పు ఉన్నాయి కదా అని కూరలు తగ్గించేసింది. బంగాళదుంపలూ, ఉల్లిగడ్డలూ. గరిక తేవడం అమ్మాయి చూసుకుంటోందని నేను, నేను ఎలాగోలా తెస్తున్నానని అమ్మాయి. గుండుకు సజ్జలు, కుందేళ్ల పెల్లెట్లు, ఎప్పుడైనా ఒక క్యారట్ ముక్కో కీరదోస ముక్కో. కడుపు నిండుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

డిసెంబరు 1, జీతాల రోజు. నోట్లు రద్దయ్యాక మొదటి జీతాలు. ఆ రోజు వరుస ఎలా ఉందో చెప్పను. రాత్రి పదకొండున్నరకు ఇంటికి వచ్చి, అందరూ పడుకున్నారు కదా అని నేనే మజ్జిగ కోసం ఫ్రిజ్ తలుపు తీశాను. తాగి గ్లాసు కడిగి పెట్టాను. లైటు ఆర్పబోతుండగా తట్టింది, ఈల వినిపించలేదని.

పంజరం దగ్గర కూర్చుని చూశాను. వీపు గూనిలా పెట్టి, బొచ్చు నిక్కబొడుచుకుని ఉంది. చెయ్యి చాస్తే వచ్చింది కానీ వెనక కాళ్లు ఈడుస్తూ వచ్చింది. ఎత్తుకోబోతే నొప్పితో కీచుమంది. కింది పెదవి తీసి చూస్తే చిగుళ్ల దగ్గర ఎర్రగా రక్తపు చార. తూచాను. 701 గ్రాములు. రిజిస్టరు తెరిస్తే చివరి బరువు నవంబరు 8 నాటిది, 842. నడుమ ఇరవై రెండు రోజులు ఖాళీ. పోస్టింగు చెయ్యని లెడ్జరును ఆడిటరు ముందు పెట్టిన గుమస్తా ఎలా ఉంటాడో అలా కూర్చున్నాను.

ఫ్రిజ్‌లో యాంటీబయాటిక్ సిరప్ ఆ రాత్రి కూడా ఒకటి ఉంది. నిజం చెప్పాలంటే చెయ్యి అటు వెళ్లింది. బుజ్జి గుర్తుకొచ్చి ఆగాను. ఆ మందు వల్లనే పోయిందని తెలిసి కాదు, ఇచ్చినా బతకలేదు కదా అని.

మర్నాడు మా బావమరిది వాళ్లనూ వీళ్లనూ అడిగి, పూణెలో ఇలాంటి చిన్న జంతువులను చూసే ఒక డాక్టరమ్మ ఫోన్ నంబరు సంపాదించాడు. మధ్యాహ్నం క్యాష్ వ్యాన్ రాకకోసం చూస్తూ, స్ట్రాంగ్ రూం పక్కన నిలబడి ఆవిడతో మాట్లాడాను. ఆవిడ మొదట అడిగింది ఏమైందని కాదు. ఏం తింటోంది, ఎంత బరువు, నిన్న ఎన్ని పెంటికలు వేసింది అని. మూడు వారాల తిండి చెప్పాక, "పచ్చిది ఏమీ లేదా?" అంది. లేదన్నాను. "సి విటమిన్ లోపమై ఉంటుంది, కానీ చూడకుండా చెప్పను. ఆదివారం తీసుకురండి, అందాకా ఇలా చెయ్యండి" అని వివరించింది.

దాదాపు జంతువులన్నీ సి విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనుషులకు ఆ శక్తి లేదు. గినీపిగ్‌కూ లేదు. రెండు మూడు వారాలు అది అందకపోతే చిగుళ్లు, కీళ్లు దెబ్బతింటాయి. పూర్వం ఓడల్లో నెలలు గడిపే నావికులకు వచ్చిన స్కర్వీ ఇదే. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు ఓడల్లో వచ్చే మరో జబ్బు కోసం పరిశోధిస్తూ గినీపిగ్‌లకు వట్టి ధాన్యం పెడితే, వాటికి స్కర్వీ వచ్చిందట. ఎలుకల మీద చేసి ఉంటే ఆ సంగతి బయటపడేదే కాదు. ఎలుకలు తమ సి విటమిన్ తామే చేసుకుంటాయి. ఎలుక కాదమ్మా అని మా అమ్మతో వాదించిన నేను, నోట్ల రద్దు పుణ్యమా అని మా వంటింట్లో అదే ప్రయోగం చేశానన్నమాట. జామకాయలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైనే సి విటమిన్ ఉంటే, క్యారట్‌లో ఆరో ఏడో, కీరదోసలో మూడు. సజ్జల్లో లెక్కకు రాదు.

డాక్టరమ్మ చెప్పిన మోతాదు పూటకు 25 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. 500 మిల్లీగ్రాముల మామూలు మాత్రను పొడిచేసి పది మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే, అర మిల్లీలీటరులో పాతిక వస్తుంది. ఎప్పటికప్పుడు కొత్తగా కలపాలి. తాగే నీళ్ల సీసాలో వేస్తే గంటల్లోనే సారం పోతుంది, పైగా ఎంత తాగిందో తెలియదు. నాలుగైదు విటమిన్లు కలిసిన టానిక్ వద్దంది, మిగతావి ఎక్కువై కొత్త జబ్బు తెస్తాయట. సిరంజి ముందు పళ్ల వెనకాల, బుగ్గ పక్క నుంచి పెట్టాలి. గొంతులోకి సూటిగా కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అసలు కష్టం తిండి. గినీపిగ్ పేగు ఆగకుండా నడుస్తూ ఉండాలి. పన్నెండు గంటలు తినకపోతేనే అది ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. పెల్లెట్లు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కొత్తిమీరతో కలిపి మెత్తగా రుబ్బి, మూడు గంటలకొకసారి సిరంజితో కొద్దికొద్దిగా నమిలించాలి. రాత్రి కూడా. దాన్ని కదలకుండా చుట్టి పట్టుకోవడానికి మా ఊరి తువ్వాలును మించింది లేదు, ఆ విషయంలో షోలాపూర్ వాళ్లం అదృష్టవంతులం. పగలు మా ఆవిడ, సాయంత్రం అమ్మాయి. పదకొండు గంటలది నేను. మరి రెండింటిది?

"నాకెట్లా నిద్ర పట్టదు. ఇటియ్యి" అంది మా అమ్మ.

మగ్గం మీద తెగిన పోగు వెతికి ముడివేసిన చేతులవి. చీకట్లో కూడా వణకవు. కళ్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో తువ్వాలు మూట పెట్టుకుని, "తిను బిడ్డా, తిను. ఇంక కొంచెం" అంటూ చుక్కచుక్క తినిపించేది. మా నాన్నగారి చివరి రోజుల్లో గంజి తాగించినప్పుడు కూడా ఇవే మాటలు. మొదటి రాత్రి నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. తర్వాత వినలేదు, పడుకున్నాను. ఉదయం ఏడింటికి మళ్లీ బ్యాంకు.

డిసెంబరు 4 ఆదివారం బావమరిది కారులో పూణె తీసుకెళ్లాం. రెండువందల యాభై కిలోమీటర్లు. డాక్టరమ్మ చెవులు చూసే పరికరం లాంటిది నోట్లో పెట్టి వెనక పళ్లు చూసింది. వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలకపోతే అరగక నాలుకను కోస్తాయి. అదృష్టవశాత్తు పళ్లు బాగున్నాయి. జబ్బు తను అనుకున్నదే అంది. పంజరం అడుగున ఇనుప వల ఉందా అని అడిగి, అది తీసేసి మెత్తటి గుడ్డ పరవమంది. వల మీద నిలబడి అరికాళ్లు పుండ్లు పడతాయట. తిరిగేసి చూపిస్తే నిజంగానే ఎర్రగా కంది ఉన్నాయి. అన్నాళ్లుగా రోజూ చూస్తున్నవాళ్లం, ఒక్కరం పాదాలు చూడలేదు.

చివర్లో ఆవిడ, "ఇంతకుముందు దీనికి గానీ ఇంకోదానికి గానీ మీ అంతట మీరు మందులేమైనా ఇచ్చారా?" అని అడిగింది. అమ్మాయి అప్పుడు కారులో గుండు బుట్ట సర్దుతోంది. నేను బుజ్జి సంగతి చెప్పాను. త్రైరాశికంతో సహా.

ఆవిడ కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇస్తే గినీపిగ్‌కు విషమే. దాని పేగులో గడ్డిని అరిగించే మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి ఒక్కసారిగా పెరుగుతాయి. తిండి మానడం, విరేచనాలు, మూడు నాలుగు రోజుల్లో ప్రాణం పోవడం. మోతాదు తగ్గించినంత మాత్రాన లాభం లేదు. హామ్‌స్టర్లకూ, జెర్బిళ్లకూ ఇదే ముప్పు. వేరే యాంటీబయాటిక్‌లు ఉన్నాయి, అవి చూసి ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వాలి అంది. తర్వాత నేను చదివాను, 1940 మే 25న ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ పెన్సిలిన్‌ను మొదట పరీక్షించింది ఎనిమిది చుంచెలుకల మీద. ఆ రోజు ఆయన చేతికి గినీపిగ్‌లు దొరికి ఉంటే ఆ మందు మనదాకా వచ్చేదో లేదో!

తిరుగు ప్రయాణంలో టెంభుర్ణి దగ్గర టీ తాగాం. అమ్మాయి బుట్టలో చెయ్యి పెట్టి కూర్చుంది. చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

గుండు బరువు డిసెంబరు 3న 688కి దిగింది, అదే అట్టడుగు. 5న 690. 9న 722. 10వ తేదీ ఉదయం తనంతట తానే ఒక గరిక పోచ లాక్కుని నమిలింది, మా అమ్మ వీధిలోకి వచ్చి నన్ను బస్టాండు మలుపు దగ్గర కేకేసి మరీ చెప్పింది. జనవరి మొదటివారంలో 840. ఈల మాత్రం అంతకుముందే, డిసెంబరు 20 ప్రాంతంలో వచ్చింది.

ఆ తర్వాత ఆరేళ్లకు దగ్గరగా బతికింది. చిన్నాచితకా జబ్బులు వచ్చాయి. ఒకసారి గజ్జి పడితే మా అమ్మ పసుపు, వేపనూనె రాస్తానంది. ఒంటిమీదిది నాకుతుంది, వద్దని డాక్టరమ్మ ఇవెర్‌మెక్టిన్ బరువును బట్టి ఇచ్చింది. ఎండాకాలం మా ఊళ్లో నలభై డిగ్రీలు దాటితే షాబాద్ బండ ముక్క ఒకటి తడిపి పెట్టేవాళ్లం, దాని మీద పొట్ట ఆనించి దోసెలా పరుచుకునేది. 2020లో కరోనా వచ్చినప్పుడు జనమంతా సి విటమిన్ మాత్రలు ఎగబడి కొంటే మా గుండు మాత్రలకు కరువొచ్చింది. గుడి మూసేశారు, గరిక ఆవిడ లేదు. బ్రాంచి వెనక నీటి తొట్టి దగ్గర మొలిచిన గరిక నేనే కోసి సంచిలో వేసుకొచ్చేవాణ్ణి. మా వాచ్‌మన్ నేను ఏదో నోము పట్టాననుకున్నాడు.

2022 ఆగస్టులో, ఏడో ఏడు నిండకుండా, నిద్రలోనే పోయింది. మా అమ్మ అంతకు ఏడాది ముందే పోయింది. గుండును కూడా మునగచెట్టు కిందే పెట్టాం. అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్లు. ఆ సాయంత్రం ఇద్దరం పెరటి గట్టు మీద కూర్చున్నప్పుడు, ఇన్నేళ్లుగా నా దగ్గరున్న మాట చెప్పాను. బుజ్జి జ్వరంతో పోలేదమ్మా, నేనిచ్చిన మందు వల్ల పోయింది అని.

"తెలుసు నాన్నా" అంది.

ఎలా తెలుసని అడిగాను. తొమ్మిదో తరగతిలో సైన్సు ప్రాజెక్టుకని గినీపిగ్‌ల గురించి చదివిందట. తర్వాత బరువులు రాసుకోవడానికి నా రిజిస్టరు తీస్తే, మొదటి పేజీల్లో నా దస్తూరీతోనే ఉందట, అమాక్సిసిలిన్ 0.12 మి.లీ., రోజుకు రెండుసార్లు అని.

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావనుకున్నా" అంది.

ఇప్పుడు తను పూణెలో చదువుకుంటోంది. మొన్న దీపావళికి వచ్చినప్పుడు, హాస్టల్లో స్నేహితురాలు హామ్‌స్టర్‌ను పెంచుతోందని, దాని ముక్కు కారుతోందని చెప్పి, ఆ డాక్టరమ్మ నంబరు అడిగింది. నంబరు రిజిస్టరు అట్ట లోపల రాసి ఉంది. రిజిస్టరే పట్టుకెళ్లింది.